బాపు కొట్టివేయించిన నాటకం

ఆ రోజుల్లో నా దృష్టిలో ప్రశ్న అంటే ఆయుధం, జవాబు అంటే ఎదుటివాడి ఓటమి. హైదరాబాదు కాలేజీలో వక్తృత్వ పోటీల్లో వాదించీ వాదించీ "అధ్యక్షా" అని మొదలుపెట్టనిదే మంచినీళ్లయినా అడగలేని స్థితికి వచ్చాను. ఆ అలవాటుతోనే, మంచిర్యాలలో దొరికిన బడిపంతులు ఉద్యోగంలో, ఆలస్యంగా వచ్చిన పిల్లలను ఎండలో నిలబెట్టడం ఏ న్యాయసూత్రం ప్రకారమని పెద్దసారును అందరి ముందూ అడిగాను. ఆయన జవాబు చెప్పలేకపోయారు. నేను గెలిచాను. గెలిచిన వారంలోనే రాజీనామా ఇచ్చి, ఇనుప పెట్టె నెత్తిన పెట్టుకుని మెట్‌పల్లిలో మా నాన్న, అంటే బాపు ఇంటికి చేరాను.

మా ఇంటి ముందు గదిని మగ్గం ఆక్రమించింది. వెనుక గదిలో ఒకే మంచం, అది బాపుది. అవ్వ (మా అమ్మ) పోయిన తరువాత ఆ ఇంట్లో మాట అవసరం పడలేదు కాబోలు, బాపు నన్ను చూసి "వచ్చినవా" అన్నాడు, అంతే. కొన్ని నెలలపాటు మా సంభాషణ దానికి మించి ముందుకు సాగలేదు. ఈ మౌనం నాకు భరించరానిదిగా కాక, మంచి నాటక వస్తువుగా కనిపించింది (చదువు మనిషిని ఎంతవరకు తీసుకుపోగలదో చూడండి). ఉద్యోగం వదిలిన కొడుకు తండ్రి ఇంటికి తిరిగివస్తాడు. ఎవరు ముందు వెళ్లిపోతారా అని ఇద్దరూ ఎదురుచూస్తారు. చివరకు తండ్రి లోకాన్నే వదిలిపోతాడు, కొడుక్కి మంచం దక్కుతుంది. చావు మీద జనాన్ని నవ్వించాలన్నది నా పట్టుదల. ఊరి నాటక సమాజం పెద్దలు విని, "పద్యం లేదు, కిరీటం లేదు, గిదెవడు జూస్తడు?" అన్నారు. అందుచేత ఎవరి దయా అక్కరలేకుండా దసరాకు మేమే ఆడాలని నిశ్చయించాం. మేము అంటే నేనూ, సర్కారు దవాఖానాలో పనిచేసే నా మిత్రుడు కంపౌండరూ. కొడుకు వేషం నాది, తండ్రి వేషం అతనిది.

నాటకానికి నేనొక నియమం విధించాను. సభలో సాక్ష్యం లేని మాట ఎత్తరాదు; అలాగే మా ఇంట్లో నిజంగా జరగనిది రంగస్థలం మీద జరగరాదు. (చివరి రంగం భవిష్యత్తుకు సంబంధించినది గనుక దానికి మాత్రం మినహాయింపు ఇచ్చుకున్నాను.) రిహార్సళ్లు మా పెరట్లోనే జరిగేవి. పెరటికీ మగ్గానికీ నడుమ ఒక మట్టిగోడ. కంపౌండరు గొంతు బొంగురు చేసి తండ్రి మాటలు మొదలుపెట్టగానే అటువైపు మగ్గం చప్పుడు ఆగిపోయేది. పోగు తెగిందనుకునేవాణ్ణి.

మొదటి రంగంలో తండ్రి ఒక్కడే తిని లేచి, కొడుకుతో "గిన్నెల ఉన్నది" అని వెళ్లిపోతాడు. అది సాధన చేసిన మరునాడు పొద్దున బాపు రెండు పళ్లేలు ముందు పెట్టుకుని కూర్చున్నాడు. "కూసో, ఇద్దరం తిందాం" అన్నాడు. ఇద్దరికీ అలవాటు లేని పని. జొన్నరొట్టె నమిలే చప్పుడు తప్ప మరేమీ లేకుండా తిన్నాం. మధ్యలో ఆయన తొక్కు పచ్చడి గిన్నెను నా వైపు జరిపాడు. నేను లేచి చేయి కడుక్కుని, నియమం ప్రకారం మొదటి రంగం కొట్టివేశాను.

రెండవ రంగంలో కొడుకు ఏ మహత్తర ప్రశ్న వేసినా తండ్రి "ఊఁ" అంటాడు. రెండు రోజుల తరువాత నేను అలవాటు చొప్పున, "బాపూ, మనిషి స్వతంత్రుడా, పరిస్థితులకు బానిసా?" అని అడిగాను. బాపు మగ్గం ఆపి, దాని కింది గుంటలోనుంచి కాళ్లు పైకి తీసి, నా వైపు తిరిగి కూర్చున్నాడు.

"నువ్వేమంటవు? చెప్పు, నేనింట."

అంతవరకు నన్నెవరూ అట్లా అడగలేదు. ఎదుటిపక్షం లేకుండా నాకు ఒక్క వాక్యమూ తోచలేదు. లేచి బయటికి వచ్చాను. రెండవ రంగమూ పోయింది.

మూడవ రంగం మీద నాకు గొప్ప ఆశ ఉండేది. అందులో తండ్రి సిగ్గుపడి, కొడుకు సెలవు మీద వచ్చాడని అడిగినవారందరికీ చెబుతాడు. ఆ సెలవు ఎంతకూ తీరదు. ఇది అక్షరాలా మా ఇంటి సంగతే. ఒకనాడు నూలు తెచ్చిన సేటు గుమ్మంలో నిలబడి, "మీ వాని లీవు ఇంక ఒడువలేదా?" అని నవ్వాడు. నేను తలుపు వెనుక ఉన్నాను.

"లీవు గాదు సేటూ. నౌకరి ఇడిసిపెట్టి వచ్చిండు."

"అయ్యో, మరెట్ల?"

"ఎట్లేంది? ఇల్లున్నది, ఉంటడు."

ఆ క్షణంలో నా మనసులో కలిగిన భావాన్ని దాచను. నాటకంలో జనం విరగబడి నవ్వవలసిన ఘట్టం చేజారిందని విచారించాను, అంతే.

"అరే, చావొక్కటే మిగిలింది గదరా" అన్నాడు కంపౌండరు ఆ సాయంత్రం, కాగితాలు తిరగేసి. "గింత దానికి పరద గూడ దండుగ. నేనేమో వచ్చుడు వచ్చుడే చావాలె. నీ బాపు మంచోడైతుంటే మన నాటకం మునుగుతున్నది. జర పాతతీరు ఉండుమని చెప్పరాదు?"

చెబుదామనే వెళ్లాను. బాపు తెగిన పోగు ముడివేస్తూ, తలెత్తకుండానే అడిగాడు.

"ఇంకేమన్న మిగిలిందా?"

"ఆఖరి రంగం ఉన్నది."

"దాంట్ల నేనేం జేస్త?"

అబద్ధమాడటం నా సిద్ధాంతాలకు విరుద్ధం. "చచ్చిపోతవు బాపూ" అన్నాను.

బాపు ముడి బిగించి, వేలితో ఒకసారి సవరించాడు. "అన్నీ జేసిన గని, అదొక్కటి నా చేతుల లేదు బిడ్డా. జర ఓపిక పట్టు" అన్నాడు.

ఆయన పెదవి చివర కదిలింది నవ్వేనని ఇప్పుడైతే ప్రమాణం చేసి చెప్పగలను. కొడుకును నవ్వించాలని ఒక తండ్రి తన చావు మీద తానే మాట విసిరాడు. నేను నవ్వలేదు. జేబులోనుంచి పెన్సిలు తీసి, ఎంతో మర్యాదగా, "ఈ మాట నాటకంల పెట్టుకోవచ్చునా?" అని అడిగాను.

"పెట్టుకో. ఒక్కటన్న మంచి మాట ఉంటది" అన్నాడు బాపు, మళ్లీ మగ్గం మీదికి వంగుతూ.

దసరాకు ఊళ్లో పద్యనాటకమే ఆడారు. ఆ తరువాత ఖానాపూర్ బడిలో ఉద్యోగం దొరికి నేను వెళ్లిపోయాను. బాపు పక్కన కూర్చుని తినగలిగిన రోజులు కొద్దిగానే మిగిలాయని తెలియక, పోయిన రంగాలను తలచుకుని ముఖం ముడుచుకుని ఆ రోజులను గడిపేశాను. అయినా అప్పటి నేనైన ఆ యువకుడి మీద నాకు పూర్తిగా కోపం రాదు. చేతిలో పెన్సిలుతో, నిజం మీద అంత నిష్ఠతో, తనను ఇంతగా ప్రేమించే మనిషి ఎదుట నిలబడి, ఆయన మాటను ఒక్క అక్షరమూ పొల్లుపోకుండా రాసుకుంటున్నాడు పాపం.