అత్త ఆరనివ్వని బ్యాటరీ

ఆ రోజుల్లో మా ఇంటిల్లిపాదీ ఒక అంకెను దేవుడి మాటలా నమ్మేవాళ్లం. అది మా మేనత్త బ్యాటరీ స్కూటరు మీటరులో కనిపించే శాతం. మా ఊరు పర్ణశాలలో నాకు ఇంటి దగ్గరే అక్షరాలు దిద్దించి, ఓపెన్ స్కూల్ పదో తరగతి పరీక్ష దాకా తెచ్చింది అత్తే (రాముడి దయ, ఆమె ఓపిక). ఆ అత్తకు బ్యాటరీ కూడా దేవుడి గూట్లో దీపమే. సగానికి దిగకముందే చార్జింగు పెట్టేది, పొంగుతుందేమోనని నిండకముందే తీసేసేది. కొన్ననాడే షోరూం పిల్ల చెప్పింది: "మీటరు లోపలికి చూడదు ఆంటీ, వచ్చిందెంత, పోయిందెంత అని కూడుకుంట పోతది. చిన్న చిన్న తప్పులు పేరుకుంటయి. బ్యాటరీ పాతదైతే పట్టేది గూడ తగ్గుతది. అప్పుడప్పుడు నిండా నింపి, అడుగు దాకా పోనియ్యండి, లెక్క సరిచేసుకుంటది." అత్త చెంపలేసుకుంది. "అడుగంటనిచ్చుడేంది? దీపాన్ని ఎవలన్న కొండెక్కనిస్తరా?"

పరీక్ష భద్రాచలంలో. గేటు మూశాక వస్తే లోపలికి రానివ్వరు, అత్త ఇన్నేళ్ల కష్టం గేటు బయటే. "అరవై ఉంది బిడ్డా, మస్తుగ సరిపోతది" అని అత్త బండి తీసింది. దుమ్ముగూడెం దాటాక, అటూ ఇటూ చెట్లు తప్ప ఏమీ లేని చోట, నలభై ఉన్న మీటరు ఒక్కసారిగా ఆరైంది. "అత్తా, ముప్పై నాలుగు ఏడ పోయినయ్?" అంటే, ఆమె నిజంగానే వెనక్కి తిరిగి రోడ్డంతా చూసింది. బండి ఆగింది. అత్త కొంగుతో బ్యాటరీకి విసురుతోంది. నేను రామా రామా అంటున్నాను, చదివిన సైన్సంతా నాలోంచీ శాతం శాతంగా దిగిపోతోంది.

చివరికి భద్రాచలం మీదుగా సారపాక పోయే జామాయిల్ కర్రల లారీ ఆగింది. "ఎక్కు బేటీ, జల్దీ" అన్నాడు డ్రైవరు భాయ్. అత్త మాత్రం బండికి కాపలా ఉంటానంది. "నడవని బండిని ఎవడెత్తుకపోతడమ్మా?" అని ఆయన నవ్వాడు. కాస్త దూరం పోయాక నా కళ్లు డీజిల్ ముల్లు మీద పడ్డాయి. అది సున్నా మీద ఉంది.

"భాయ్! డీజిల్ అయిపోయింది!"

"అది కొన్నప్పట్నుంచి గట్లనే పండుకుంది బేటీ. దాన్ని నేనేం అడగ. పొద్దుగాల ట్యాంకుల పుల్ల పెట్టి చూసుకుంట."

ఆ మాట విన్నాక కూడా భద్రాచలం వంతెన కనిపించేదాకా నేను రామా రామా ఆపలేదు. ప్యూను గేటు గొలుసు లాగుతుంటే సందులోంచి దూరాను. నా బట్టలకు పట్టిన జామాయిల్ వాసనకు (అచ్చం జలుబు తైలమే) హాల్లో సారు ముక్కెగరేసి, "జలుబా అమ్మా?" అన్నాడు. "కాదు సార్, లారీ" అన్నాను.

పాసయ్యాను. ఆ భాయ్ పేరైనా అడగలేదు, దండం పెట్టినప్పుడల్లా ఆయన్నీ తలుచుకుంటాను. ఫలితాలొచ్చిన వారమే స్కూటరును నిండా నింపి, ఊరి చుట్టూ తిప్పి అడుగు దాకా దించాను (అత్త ఆ పూటంతా దేవుడి గదిలో కళ్లు మూసుకుని కూర్చుంది). అలా రెండు మూడు సార్లయ్యాక మీటరు తక్కువే చూపింది, కానీ ఉన్నదే చూపింది. ఆ లారీలో హాల్ టికెట్టు గుండెకు హత్తుకుని, ముల్లును ఒకసారి, ఆకాశాన్ని ఒకసారి చూస్తూ కూర్చున్న అప్పటి నేనైన ఆ పిల్ల పక్కన ఇప్పుడు కూర్చోగలిగితే, ధైర్యం ఏమీ చెప్పను. కొంచెం జరిగి, కిటికీ పక్క చోటు ఇస్తాను.