చివర్లో పూల వాసన

ఆ ఇంట్లోకి ముప్ఫై ఏళ్ళుగా వెల్లుల్లి రాలేదు. కూరలన్నీ చప్పిడివే. ఉప్పు కూడా చిటికెతో చూసి చూసి వెయ్యాలి. ఇల్లాలు తలకు వాసన లేని నూనె రాసుకుని, వాసన లేని సబ్బుతో స్నానం చేసి, ఆ చప్పిడి బతుకుకు అలవాటు పడిపోయింది. ఆమె భర్తది చుట్టల ఫ్యాక్టరీలో రుచి చెప్పే పని మరి. కొత్త సరుకు బయటికి పోవాలంటే ముందు ఆయన ముక్కునూ నాలుకనూ దాటాలి. ఆయన తలూపితే పెట్టెలు కట్టేవాళ్ళు, పెదవి విరిస్తే ఆకు మళ్ళీ మగ్గబెట్టేవాళ్ళు. అందుకని ఫ్యాక్టరీలో ఆయన్ని ముక్కుగారు అనేవారు. తనను ఎవరైనా అడిగితే, ముక్కుగారి నోటికి కాపలా కాసేదాన్ని అని ఆమె చెప్పుకుని నవ్వేది.

నవ్వే రోజుల్లో కూతురుండేది. చప్పిడి నియమాలన్నీ అందరికీ ఉన్నాయి గాని ఆ పిల్లకు లేవు. ఒళ్ళంతా పూల పౌడరు చల్లుకుని ఇల్లంతా తిరిగేది. నువ్వు గుమ్మంలో అడుగు పెడితే నా పని పాడవుతుందే అని తండ్రి సణిగేవాడు, డబ్బా అయిపోగానే కొత్తది తనే తెచ్చేవాడు. ఇంట్లో ఆయన చుట్టలు దాచుకునే చెక్కపెట్టె ఒకటి ఉండేది. ఆకు ఎండిపోకుండా అందులో ఒక తడి స్పాంజి ఉండాలి. ఆ స్పాంజి తడపడం కూతురి పని. చుట్టలకు దాహమేస్తోంది నాన్నా అంటూ రోజూ గ్లాసు పట్టుకుని వెళ్ళేది.

పోయిన వేసవిలో జ్వరం వచ్చి తొమ్మిది రోజుల్లో కూతుర్ని తీసుకుపోయింది. అదే జ్వరం తండ్రికీ వచ్చింది. ఆయన లేచాడు. లేచాడని అందరూ అనుకున్నారు.

ఒకరోజు ఇల్లాలు కూరలో ఉప్పు వేసిన సంగతి మరిచిపోయి మళ్ళీ వేసింది. ఈ మధ్య ఆమె చేతికీ మనసుకీ సంబంధం ఉండటం లేదు. ఆయన తిన్నాడు. మళ్ళీ వడ్డించుకుని తిన్నాడు. తర్వాత తను ఒక ముద్ద నోట్లో పెట్టుకుంటే మింగుడు పడలేదు. పళ్ళెం పక్కన పెట్టి ఆయన వైపే చూస్తూ కూర్చుంది.

"ఎప్పట్నించండీ?" అంది.

ఆయన చేయి కడుక్కుని, తువ్వాలుతో ఒక్కో వేలూ తుడుచుకుని, "జ్వరం తగ్గినప్పట్నించి. ముక్కు లేదు, నాలుకా లేదు. మట్టి తింటున్నట్టుందే" అన్నాడు. "ఎవరితోనూ అనకు. ఈ పని కూడా పోతే పొద్దున నేను ఎందుకు లేచినట్టు?"

ఆమె అనలేదు. ఆయన చుట్టను చేత్తో నొక్కి, చెవి దగ్గర తిప్పి, బూడిద ఎంత పొడవు నిలబడుతోందో చూసి, మిగిలింది పాత జ్ఞాపకంతో నెట్టుకొచ్చాడు. పాత సరుకే కాబట్టి సాగింది.

కూతురి బట్టల బీరువా వెనక గదిలో ఉంది. నెలకొకసారి ఆమె దాని తలుపు జానెడు తెరిచి, ఒక్కసారి గుండెల నిండా పీల్చి, వెంటనే మూసేసేది. ఎక్కువసేపు తెరిస్తే వాసన అయిపోతుందని భయం. ఆయన గుమ్మంలో నిలబడి, "ఉందా?" అని అడిగేవాడు. ఉంది అనేది. ఆయన తలూపి వెళ్ళిపోయేవాడు. ఇద్దరికీ కలిపి ఒకే ముక్కు మిగిలింది.

అలా ఉండగా ఫ్యాక్టరీవాళ్ళు కొత్త సిగార్ చేశారు. మామూలు చుట్ట కాదు. మూడేళ్ళు మగ్గిన ఆకు, బంగారు రంగు పట్టీ, గొప్పవాళ్ళు కొనే సరుకు. ఐదింటిని ఆయన చేతిలో పెట్టి, పది రోజులు ఇంట్లో ఉంచి, తీరిగ్గా కాల్చి చూసి చెప్పమన్నాడు యజమాని. దీనికి జ్ఞాపకం పనికిరాదు. ముందెప్పుడూ లేనిదాన్ని ఎక్కడని గుర్తు తెచ్చుకుంటాడు?

ఇంటికొచ్చి చూస్తే చెక్కపెట్టె ఎండి మూత పక్కన పగులిచ్చింది. ఎనిమిది నెలలుగా ఆ స్పాంజిని తడిపినవాళ్ళు లేరు. ఇల్లాలే దాన్ని తడిపి, సిగార్లు అందులో సర్ది, ఇంట్లో చల్లగా ఉండేది అదొక్కటే కదా అని బీరువా కింది అరలో పెట్టింది. పొగాకు పక్కనున్న దేని వాసనైనా లాగేసుకుంటుందని ఆమెకు తెలియక కాదు. ముప్ఫై ఏళ్ళు అందుకోసమే చప్పిడి తిన్న మనిషి. చల్లదనం ఒక్కటే తట్టింది, మిగతాది తట్టలేదు. ఆ పగులులోంచి వాసన పోతోందని పసిగట్టాల్సిన ముక్కు పసిగట్టలేదు.

పదో రోజు ఆయనే పెట్టె తీసుకుని వంటింట్లోకి వచ్చాడు. ఒక సిగార్ ఆమె చేతికిచ్చి, "నువ్వు చెప్పు. నా చొక్కాలు ఉతికి ఉతికి నాకంటే నీకే ఎక్కువ తెలుసు" అన్నాడు.

ఆమె ముక్కు దగ్గర పెట్టుకుంది. మొదట ఆకు, తర్వాత తడి చెక్క. ఆ తర్వాత కళ్ళు మూతలు పడ్డాయి. ఖరీదైన సరుకు ఇలాగే ఉంటుంది కాబోలనుకుంది. చేతిలోంచి వదలబుద్ధి కాలేదు.

"మెత్తగా ఉందండీ. చివర్లో పూల వాసన" అంది. ఆయన ఆ మాటే కాగితం మీద రాసుకున్నాడు.

మర్నాడు మధ్యాహ్నానికే ఆయన ఇంటికొచ్చి, చెప్పులు విప్పి, వసారాలో గోడకేసి తిరిగి కూర్చున్నాడు. ఏమైందంటే పలకలేదు. ఆయన వెనకే ఫ్యాక్టరీ మేస్త్రీ వచ్చాడు. ఆయన పాత స్నేహితుడు, ఎప్పుడూ పరాచికాలాడే మనిషి. ఆరోజు వంటింటి గుమ్మం దగ్గర తల వంచుకుని నిలబడ్డాడు.

జరిగింది అతని నోటివెంటే తెలిసింది. పూల వాసన అనగానే యజమాని ఆశ్చర్యపోయాడట. ఫ్యాక్టరీలో ఉన్న సిగార్లు కాల్చిన మిగతావాళ్ళెవరికీ పూలు కనబడలేదు. యజమానికి కొన్నాళ్ళుగా అనుమానం ఉండి, ముందే ఒక దొంగ సిగార్ చుట్టించి ఉంచాడు. పైన అదే ఆకు, అదే పట్టీ, లోపలంతా నేల ఊడ్చిన పొడి. అది వెలిగించి ఇచ్చి ఎలా ఉందో చెప్పమన్నాడు.

"అన్న కళ్ళు మూసుకుని, మెత్తగా ఉంది, చివర్లో పూల వాసన అన్నాడు వదినా. అందరూ నవ్వారు. ఆ పొడి చుట్టింది నేనే. చుట్టమంటే చుట్టాను. ఎవరికోసమో చెప్పలేదు."

అతను జేబులోంచి ఒక సిగార్ తీసి గట్టు మీద పెట్టాడు. ఇంట్లోంచి ఆయన పట్టుకెళ్ళినవాటిలో మిగిలింది అది.

"తమాషా ఏంటంటే, దీనికి మాత్రం నిజంగానే పూల వాసన ఉంది. ఎక్కడ పెట్టారు దీన్ని?"

అప్పుడు తెలిసింది ఆమెకు. మేస్త్రీ ఎప్పుడు వెళ్ళాడో చూడలేదు. వెనక గదిలోకి వెళ్ళి బీరువా తలుపు ఈసారి జానెడు కాదు, బార్లా తెరిచింది. పై అరలో గళ్ళ గౌను, కింద మడతపెట్టిన తెల్ల చున్నీ. చున్నీ మొహానికి అదుముకుంది. పొగాకు. గౌను తీసింది. పొగాకు. ఒక్కో బట్టా తీసి చూసింది. పది రోజుల్లో సిగార్లు ఆ పిల్ల వాసనంతా తాగేసి, తమ వాసన అక్కడ వదిలిపెట్టాయి.

వెనక గుమ్మంలో అలికిడైంది. ఇంటికొచ్చినప్పట్నించి మాట్లాడని మనిషి అక్కడ నిలబడి ఉన్నాడు. ఆయన మొహంలో అడిగేందుకు ఇంకేమీ మిగల్లేదు, ఈ ఒక్కటి తప్ప.

"ఉందా?"

ఆమె చున్నీ మడతపెట్టి మళ్ళీ అరలో పెట్టింది.

"ఉందండీ."

"అయితే తొందరగా మూసెయ్యి, పోతుంది" అన్నాడు.

ఆమె మూసేసింది.