అధియూ తన మీద తానే కట్టుకున్న పాట

మా ఊళ్ళో అధియూ పాట తగలని ఇల్లు లేదు. నైలు ఒడ్డున చేపలెండబెట్టే ఆడవాళ్ళలో ఆమె అంత పనిమంతురాలూ లేదు, ఆమె అంత నోటిదురుసు మనిషీ లేదు. మా దింకా తెగవాళ్ళలో తిట్టుపాట కట్టడం ఒక విద్య. ఎవరి ఎద్దు బక్కచిక్కినా, ఎవరి మొగుడు తాగి పడవలో పడుకున్నా తెల్లారేసరికి పాటైపోయేది. మా ఎపిస్కోపల్ సంఘం పాస్టరు మబియోర్ గారి గొంతును కూడా ఆమె వదల్లేదు. మేకకు జలుబు చేసినట్టుంటుందని పాడింది.

వరదొచ్చిన ఏడు నీళ్ళు ఆమె గుడిసె గోడను తినేస్తుంటే, సంఘం ఆడవాళ్ళు మెడలో సిలువలతో, చేతుల్లో తట్టలతో వచ్చి చుట్టూ మట్టికట్ట వేశారు.

"మిమ్మల్నందర్నీ అన్నన్ని మాటలన్నాను కదర్రా, ఎందుకొచ్చారు?" అంది అధియూ.

"ముందు మట్టి అందుకోవే తల్లీ, మాటలు తర్వాత!" అంది ఒకామె.

ఆ మాట ఆమెను పట్టుకుంది. నీళ్ళు తీశాక గుడికి రావడం మొదలుపెట్టింది. చదువు లేదు గనుక ప్రార్థనలన్నీ చెవితోనే నేర్చింది. బాప్తిస్మం తీసుకుంది. ఎండాకాలంలో బిషప్పు గారు పడవలో వచ్చి తలమీద చేతులుంచితే, పూర్తి సభ్యురాలై, రొట్టె, ద్రాక్షరసం అందుకునే ప్రభు బల్ల దగ్గరకు వెళ్ళొచ్చు.

ఆదివారం ఆరాధనలో పాస్టరు గారు సభ్యత్వానికి ఆమె పేరు చదివి, "ఎవరికైనా అభ్యంతరమా?" అని అడిగారు. సంఘంలోని అగోత్ అనే ఆమె లేచింది.

"నాకుంది అయ్యగారూ. పెళ్ళికూతురుగా ఉన్నప్పుడు నన్ను సోమరిపోతునని పాట కట్టింది. మగపెళ్ళివారు కన్యాశుల్కంగా తోలుకొచ్చిన ఆవుల్ని తిరిగి తోలుకుపోయారు. తర్వాత ఒక ముసలాయనకు మూడో భార్యనయ్యాను. ఆమె పక్కన నేను మోకరించలేను."

పాస్టరు గారు అధియూను దగ్గరికి పిలిచారు. "నన్ను మేకన్నావు, పోనీలే. కానీ అమ్మా, ముందు వెళ్ళి ఈమెతో సమాధానపడు."

ఆ సాయంత్రం ఎండుచేపల బుట్టతో వెళ్ళింది అధియూ. అగోత్ బుట్టకేసి చూడనైనా లేదు.

"చేపలతో తీరేదా ఇది? నా పేరు ఊరంతా మోగించావు. దమ్ముంటే నీ పేరూ మోగించు."

సంత రోజున పడవల రేవు కిటకిటలాడుతుంటే అధియూ ఖాళీ డబ్బా బోర్లించి దరువేసింది. ఎవరి మీదో కొత్త పాటని జనం ఎగబడ్డారు.

"అధియూ నోరు మూతలేని కుండ, ఊరి ఈగలన్నీ అందులోనే!" అని ఎత్తుకుంది. రేవంతా గొల్లుమంది. ఆమె ఆగలేదు.

"ఆవుల్ని తోలింది కర్ర కాదు, నా నాలుక. అగోత్ సోమరి కాదు, నాది అబద్ధం. నా కోసం ఒక్క దూడైనా రాలేదని కుళ్ళుకున్నాను."

నవ్వులు తెగిపోయాయి. తమ కుళ్ళును అలా నలుగురిలో విప్పి పరిచినవాళ్ళను మా ఊళ్ళో నేనింకెవర్నీ చూడలేదు. దరువు మాత్రం తప్పలేదు.

గుంపులోంచి అగోత్ గొంతు వినబడింది. "ఆ ఈగల చరణం ఇంకోసారి పాడు."

పాడింది. ఈసారి అందరికంటే ముందు నవ్వింది అగోతే. నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది.

బిషప్పు గారు వచ్చిన రోజున సాక్షిగా ఎవరు నిలబడతారని అడిగితే, అగోత్ వెళ్ళి అధియూ భుజం మీద చెయ్యి వేసింది. బిషప్పు గారి చేతులు తలను తాకగానే అధియూ వెక్కి వెక్కి ఏడ్చింది. బయటికొచ్చాక అగోత్, "చాల్లే ఊరుకో, బట్టలు తడిసిపోతున్నాయి," అని కసిరింది.

ఇప్పుడు మా సంఘంలో తగువొస్తే పాస్టరు గారికంటే ముందు అధియూకే కబురెళ్తుంది. తప్పొప్పుకోవడం ఎంత కష్టమో తెలిసిన మనిషి, ఎవర్నీ తొందరపెట్టదు. మొన్న ఒక ఎద్దు కోసం అన్నదమ్ములిద్దరూ ఈటెలు తీసుకున్నారు. ఆమె వాళ్ళ వాకిట్లో చాప పరుచుకుని, "నేను ఆకలితో ఉన్నాను, జొన్నసంకటి వండించండి," అని కూర్చుంది. ఈటెలు పక్కనపెట్టి, ఆకలన్న అతిథికి వండించక తప్పలేదు. ముగ్గురూ ఒకే పళ్ళెంలో తిన్నారు.