చిలకపచ్చ అంచు

నా చీరల దుకాణం ఫోన్‌లోనే ఉంటుంది. సిరిసిల్లలో మా బాపు సాంచాల మీద నేస్తాడు. పవర్‌లూమ్‌ను మేం సాంచా అంటాం. ఆయన నేసినవాటికి నేను ఫోటోలు తీసి వెబ్‌సైట్‌లో అమ్ముతాను. కొన్నవాళ్లను ఊరికే వదిలేయకుండా వారం వారం ఒక ఈమెయిల్ ఉత్తరం రాయమని స్నేహితురాలు చెబితే మొదలుపెట్టాను. కొనకపోయినా, వెబ్‌సైట్‌లో ఈమెయిల్ ఇచ్చినవాళ్లందరికీ అది వెళ్తుంది. బేరాలు పెరిగాయి.

బాపుకు మాత్రం ఆ ఉత్తరాలంటే గిట్టదు. కొత్త అంచు ఎక్కించినప్పుడు, మొదటి చీర కోసి దేవుని ముందు పెట్టేదాకా ఆయన దాన్ని బయటివాళ్ల కంట పడనివ్వడు. సాంచా ఆగిందంటే చాలు, మీద పాత దుప్పటి కప్పుతాడు.

"అందరికి సూపిచ్చుకుంట పోతే మనకేం మిగుల్తది బిడ్డా" అనేవాడు. నేను నవ్వి ఊరుకునేదాన్ని.

ఆ నవ్వు ఎక్కువ రోజులు నిలవలేదు. నేను ఉత్తరంలో ముందుగా చూపించిన నెమలికంఠం అంచు, మా మొదటి చీర అమ్ముడుపోకముందే కరీంనగర్‌లో ఒక దుకాణంలో వేలాడింది. ఒళ్లు మండిపోయింది. ఈసారి మెరూన్ అంచు ఎక్కించాం. ఇది కూడా పోతే సాంచాలు ఆపుకొని కూర్చోవాల్సిందే.

ఎవరు ఉత్తరం తెరిచారో, ఎన్నిసార్లు తెరిచారో నాకు కనిపిస్తుంది. అందులో ఒక చిరునామా మీద నా కన్ను పడింది. పేరూ ఊరూ తెలియని అక్షరాలు, అంకెలు. ఉత్తరం వెళ్లీవెళ్లగానే తెరుస్తారు, మళ్లీ మళ్లీ తెరుస్తారు, ఒక్క జేబురుమాలు కూడా కొనరు. దొంగ దొరికాడనుకున్నాను. ఆ చిరునామా తీసేయడం చిటికెలో పని. తీసేస్తే వాడెవడో ఎలా తెలుస్తుంది?

అందుకే ఆ వారం అందరికీ పాత చీరలే చూపించి, ఆ ఒక్క చిరునామాకు మాత్రం వేరే ఉత్తరం పంపాను. అందులో మా కొత్త చీరే ఉంది, కానీ మెరూన్ అంచును ఫోన్‌లోనే చిలకపచ్చగా మార్చేశాను. పచ్చ అంచు ఏ దుకాణంలో కనిపిస్తే వాడే దొంగ.

తర్వాత బస్సెక్కి కరీంనగర్ వెళ్లి ఆ దుకాణంలో అడిగాను.

"చిలకపచ్చ అంచుది ఉందా?"

"లేదమ్మా. నేపియ్యాల్నా?" అన్నాడు దుకాణదారు.

ఆ మాటతో నా అనుమానం ఇంకా ముదిరింది. దారి పొడవునా ఆయన్ను తిట్టుకుంటూ ఇంటికొచ్చాను.

ఇంట్లో బాపు చాయ్ తాగుతున్నాడు. నన్ను చూడగానే ముఖం వెలిగింది.

"ఇప్పుడు తెలివికొచ్చినవ్ బిడ్డా. మనది మెరూనైతే నువ్వు చిలకపచ్చ సూపిచ్చినవ్. దొంగలకు గట్లనే సూపియ్యాలె."

"నీకెట్ల తెలుసు బాపూ?"

"సెల్ దుకాణమాయన నాకు గూడ ఈమెయిల్ చేసిచ్చిండు. నీ ఉత్తరం అచ్చుడుతోనే తీస్త. మన అంచు ఏడనన్న బయటపెట్టినవేమోనని మల్ల మల్ల సూస్త. మస్తు ఫికరుండె. ఇగ లేదు."

ఆ పచ్చ అంచు ఆయన ఒక్కడికే పంపానని ఎలా చెప్పను? అందరికీ పంపాననుకొని మురిసిపోతున్నాడు. సిగ్గుతో వంటింట్లోకి వెళ్లిపోయాను.

మెరూన్ చీర మొదట మా దగ్గరే అమ్ముడుపోయింది. నెమలికంఠం ఎవరు ఎత్తుకెళ్లారో ఇప్పటికీ తెలియదు. మరుసటి వారం ఉత్తరం పంపి, అలవాటుగా ముందు ఆ చిరునామానే వెతికాను. తెరవలేదు. సాయంత్రం దాకా చూశాను, తెరవలేదు.

"ఈసారి నా ఉత్తరం సూడలేదా బాపూ?"

"ఇగెందుకు బిడ్డా? నీ మీద నాకు నమ్మకం కుదిరింది" అన్నాడు, సాంచా మీద దుప్పటి సర్దుతూ.

సంతోషపడాల్సిన మాటే. నాకు మాత్రం ఏడుపొచ్చింది.