అయ్యవారు లేని తెలుగు పీరియడు

వేలూరు బాగాయంలో మా పక్కింటావిడ ఆదివారాలు నూలు చీరలకు గంజి పెట్టి మేడ మీద ఆరేస్తుంది. ఎండెక్కే కొద్దీ ఆ తడి గంజి వాసన, కాస్త పులుపూ కాస్త అన్నం కమ్మదనమూ కలిసినది, కిటికీలోంచి మా వంటింట్లోకి వస్తుంది. అది ముక్కుకు తగిలిందంటే పొయ్యి మీద ఏముందో మరిచిపోయి నేను గుడియాత్తంలో మా వీధికి వెళ్ళిపోతాను.

తెల్లవారేసరికే ఆ వీధి పొడుగునా లుంగీల పడుగులు, మగ్గానికెక్కించే నిలువు దారాలు, సాగదీసి కట్టి, పెద్దవాళ్ళు ఆ చివరి నుంచి ఈ చివరిదాకా నడుస్తూ కుంచెలతో గంజి పట్టించేవాళ్ళు. ఎరుపూ పచ్చా నీలమూ దారాలు పొద్దుటెండలో మెరుస్తుంటే, పిల్లలం నడుము వంచి, తల తగలకుండా, పుస్తకాల సంచులు పొట్టకు హత్తుకుని వాటి కిందుగా దూరి బడికి పోయేవాళ్ళం. మామిడి పిందెల కాలంలో జేబుల్లో ఉప్పూకారం పొట్లాలుండేవి. గంగమ్మ జాతర రోజుల్లో ఇంటింటా పొంగలి వాసన, బడి గోడ పక్కన మురుకుల అంగళ్ళు, చెవులు చిల్లులు పడే పంబల మోత. వానాకాలం వస్తే పడుగులు ఇళ్ళల్లోకి, పిల్లలు వీధిలోకి. మగ్గాలు తడికి బిగుసుకుపోతే నాయన అరుగు మీద కూర్చుని ఆకాశాన్ని తిట్టేవాడు.

వీధి చివర మునిసిపాలిటీ వారి మిడిల్ స్కూలు. పెంకుల కప్పు, సున్నం రాలే గోడలు, మధ్యాహ్నం వేడి సాంబారన్నం, దాని మీద ఉడికించిన గుడ్డు. చదువంతా అరవంలోనే. మా వీధి పిల్లలకు మాత్రం రోజుకొక తెలుగు పీరియడు, చివరి గదిలో. చిత్తూరు వైపు నుంచి బస్సులో వచ్చే ముసలి అయ్యవారు, చంకలో గొడుగుతో, నోట్లో వక్కతో, మా చేత గుణింతాలు దిద్దించేవాడు. అంగళ్ళ బోర్డులూ, బస్సు బోర్డులూ, చివరికి మా పెళ్ళి పత్రికలూ అరవంలోనే ఉండేవి. తెలుగు మా ఇళ్ళల్లో నోటికి ఉండేదే గాని కంటికి కనబడేది కాదు. ఆ గదిలో మాత్రమే కనబడేది.

మా అమ్మ ఆ బడి గేటు దాటి ఎన్నడూ లోపలికి రాలేదు. వాన పడితే గొడుగు తెచ్చి గేటు బయటే నిలబడేది. చిన్నప్పుడు తనను కొన్నాళ్ళు బడికి పంపి, ఇంట్లో నూలు కండెలు చుట్టే మనిషి లేదని మాన్పించారట. అప్పటి నుంచి రాట్నం ముందు కూర్చున్న మనిషి, మా ఇంటికి కోడలై వచ్చాక కూడా రాట్నం ముందే కూర్చుంది. బడి పేరెత్తితే "పళ్ళికూడమంటే నాకు కాళ్ళు వొణుకుతాయమ్మే" అనేది.

నేను ఏడో తరగతిలో ఉండగా, దీపావళి సెలవులు అయ్యేసరికి, అయ్యవారు రిటైరయ్యాడు. ఆయన చోటుకు ఎవరూ రాలేదు. తెలుగు పీరియడులో మేము గచ్చకాయలాడుకుంటూ, గోల చేస్తూ ఉంటే హెడ్‌మిస్ట్రెస్ చూసి చూసి, తల్లిదండ్రుల్ని పిలిపించింది. రోజూ అరక్కోణం నుంచి రైలెక్కి వచ్చే ఆ మనిషి మంచిదే, మొహమాటం మాత్రం ఎరగదు. కొత్త టీచరు ఎప్పుడొస్తారో తనకు తెలియదనీ, పెద్దమనిషి లేని గదిలో పిల్లల్ని వదలననీ, వచ్చే వారం నుంచి వీళ్ళందరినీ అరవం క్లాసులో కలిపేస్తాననీ చెప్పింది. కొందరు తలలూపారు. తెలుగు దేనికి పనికొస్తుందిలే అని ఎవరో అన్నారు కూడా.

అప్పుడు మా నాయన లేచాడు. నలుగురిలో నోరు మెదపని మనిషి. కంగారులో అరవం మరిచిపోయి తెలుగులోనే అన్నాడు:

"అయ్యవారొచ్చేదాకా దినానికొకరం మేమొస్తాం టీచరమ్మా. బిడ్డల్ని ఆ రూములోనే ఉండనీండి."

ఆమెకు తెలుగు రాదు. పక్కనున్నాయన దాన్ని అరవంలో చెప్పాడు. వచ్చి ఏం చేస్తారని ఆమె అడిగింది.

"మేం మాట్లాడతాం. వాళ్ళు రాస్తారు."

ఆమె ఒప్పుకుంది. కానీ ఒక్కరోజు ఎవరూ రాకపోయినా ఆ గది మూసేస్తానంది.

మొదటి రోజు నాయనే వచ్చాడు, పెళ్ళిళ్ళకు తొడిగే తెల్లచొక్కాలో. "ఏమప్పా, అందరూ బాగుండారా?" అన్నాడు, అంతటితో మాటలైపోయాయి. మేమంతా నవ్వితే తనూ నవ్వి, ఏ రంగు దారం ఎండకు వెలిసిపోతుందో, ఏది వెలిసిపోదో చెబుతూ పోయాడు. మరునాడు ఇంకొకరు, ఆ మరునాడు ఇంకొకరు. ఒకాయన వేలూరు కోట చూడబోయి తప్పిపోయిన కథ చెప్పాడు. చెప్పింది మేము నోటు పుస్తకాల్లో, బోర్డు మీద రాసేవాళ్ళం. తప్పులు దిద్దేవాళ్ళు లేరు. హెడ్‌మిస్ట్రెస్ అప్పుడప్పుడూ వచ్చి వెనక బెంచీలో కూర్చునేది.

ఒక ముసురు రోజున మళ్ళీ మా ఇంటి వంతు వచ్చింది. నాయన మగ్గానికి కొత్త పడుగు అతికిస్తున్నాడు, మధ్యలో లేచే పని కాదు.

"నువ్వు పో" అన్నాడు అమ్మతో.

"నేనా? నాకేం తెలుసునని? నేను పోను."

"ఈపొద్దు ఎవురూ పోకుంటే ఆ రూముకు బీగమేస్తారు."

అమ్మ రాట్నం ఆపింది. చేతులకంటిన నూలు దుమ్ము కడుక్కుంది, చీర మార్చుకుంది, నా వెంట బయల్దేరింది. గేటు దగ్గర ఆమె చెయ్యి నా భుజం మీద పడింది. వరండా దాటేదాకా తియ్యలేదు. గదిలోకి వచ్చాక కుర్చీలో కూర్చోమంటే కూర్చోలేదు. బోర్డుకు ఆనుకుని, కొంగు రెండు చేతులా పట్టుకుని నిలబడింది. మా వాళ్ళంతా చూస్తున్నారు, వెనక బెంచీలో హెడ్‌మిస్ట్రెస్ చూస్తోంది. బయట వాన పెంకుల మీద పడుతూనే ఉంది.

ఆ వానే ఆమెకు మాట అందించినట్టుంది.

"మాది కావేరిపాక్కం. మాకాడ పెద్ద ఏరి ఉండాది, సముద్రమంత చెరువు. ఒకతూరి ఇట్లే వాన పట్టుకుని ఏరి నిండి పొర్లిపోయినాది. నీళ్ళు మా వీదిలోకొచ్చినాయి, ఇంట్లోకొచ్చినాయి, మగ్గం గుంటలోకి దిగినాయి. మా నాయిన కాళ్ళు పెట్టుకునే గుంట అది. చూస్తే దాంట్లో ఇంత చాప ఈదతా ఉండాది!"

పిల్లలు ముందుకు వంగారు. అమ్మ కొంగు వదిలేసి చేతులతో చాప పొడవు చూపించింది. తాను దాన్ని పావడాలో పట్టడం, అది జారడం, మళ్ళీ పట్టడం, వాళ్ళమ్మ "మగ్గానికొచ్చిన చాపను కోస్తామా" అని అరిచి, బిందెలో వేసి ఏరిలో వదిలి రమ్మనడం, దారి పొడుగునా అది బిందెను తోకతో కొట్టడం, అన్నీ చెప్పింది. ఇంట్లో నాకెప్పుడూ చెప్పని కథ. అంతసేపు ఆమె మాట్లాడగా నేను వినడం అదే మొదటిసారి.

బోర్డు మీద రాస్తున్న పిల్ల ఆగి అడిగింది: "అత్తా, పుస్తకంలో చేప అని ఉండాది. ఏది రాసేది?"

అమ్మ తడబడింది. "నాకేం తెలుసునమ్మా. మనిండ్లలో చాపనే కదా అంటాం."

వెనక నుంచి హెడ్‌మిస్ట్రెస్ సంగతేమిటని అడిగి తెలుసుకుని, ఆమె చెప్పినట్టే రాయండి అంది.

రాశారు. గంట కొట్టాక అమ్మ బోర్డు దగ్గరికి వెళ్ళింది. "యాడుండాది చాప?" అని మెల్లిగా అడిగింది. నేను చూపించాను. రెండక్షరాలు. చెరిగిపోతాయేమోనని తాకకుండా, వాటి ముందు వేలు పెట్టి కాసేపు నిలబడింది.

ఆ గదికి బీగం పడలేదు. పరీక్షలు దగ్గర పడ్డాక చిత్తూరు వైపు నుంచే ఒక కొత్త టీచరమ్మ వచ్చింది. పెద్దవాళ్ళు మళ్ళీ మగ్గాలకు వెళ్ళిపోయారు. మేము ఎనిమిదో తరగతి దాకా ఆ గదిలోనే తెలుగు చదివి వేరే బళ్ళకు పోయాము.

మొన్న ఓటు వేయడానికి అమ్మను తీసుకుని ఆ బడికే వెళ్ళాను. నాయన పోయి చాలా ఏళ్ళయింది. మా వీధిలో ఇప్పుడు పడుగులు కట్టరు, ఆ చోట బైకులు నిలబెడతారు. తెలుగు చదివే పిల్లలు తగ్గి తగ్గి ఆ పీరియడే లేకుండా పోయింది. చివరి గదిలో కంప్యూటర్లు పెట్టారు, గోడకు టైల్స్ వేశారు. నా కూతురు నాకు తెలుగు మాటల్ని అరవం అక్షరాల్లో మెసేజ్ పెడుతుంది.

ఓటు వేశాక అమ్మ ఆ గది ముందు ఆగింది. కిటికీ కమ్మీలు పట్టుకుని లోపలికి చూస్తుంటే, ఆ బడిలో పనిచేసే ఒక చిన్న వయసు టీచరు వచ్చి, మీరు ఈ బడిలోనే చదివారా అవ్వా అని అరవంలో అడిగింది.

అమ్మ ఆమె వైపు తిరిగి, తెలుగులోనే జవాబు చెప్పింది.

"నేనీడ చదవలేదమ్మా. పాఠం చెప్పినాను."