తువ్వాలు కింద మూడో చెయ్యి

నేను నాలుగెకరాల మామిడి తోటని మూడు వేళ్ళతో అమ్మేశాను. తోట నాది కాదు, మా బాబాయిది. వేళ్ళు మాత్రం నావే. ఎలా అమ్మానో చెబుతాను, వినండి. విన్నాక తిట్టాలనిపిస్తే తిట్టుకోండి, మొహమాటపడకండి. మా సుగుణ పిన్ని అప్పటికే వాడేసిన తిట్లు తీసేస్తే మీకు మిగిలేవి రెండో మూడో ఉంటాయి.

అప్పటికి నేను నూజివీడులో ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో ఎకనామిక్స్ చెబుతున్నాను. "సంపూర్ణ పోటీ మార్కెట్లో కొనేవాడికీ అమ్మేవాడికీ ధరల గురించి అంతా తెలిసి ఉంటుంది" అని ఏటా బోర్డు మీద రాయడం, పిల్లల చేత బట్టీ పట్టించడం నా ఉద్యోగం. అలాంటి మార్కెట్‌ని నేను కళ్ళారా చూసిన పాపాన పోలేదు. పిల్లలూ అడగలేదు. మార్కులొస్తున్నాయి కదా, ఎందుకడుగుతారు?

ఆ ఏడాది నాకు డాక్యుమెంటరీల పిచ్చి పట్టింది. ఫోన్లో వరసపెట్టి చూసేదాన్ని. ఎక్కడో కాఫీ తోటల్లో రైతులు, ఎక్కడో మిల్లు మూతపడి బోసిపోయిన ఊరు, వెనకాల బరువైన గొంతుతో ఒకాయన వ్యాఖ్యానం. చూసి చూసి నేనూ తియ్యగలననిపించింది. ఇలా అనిపించినప్పుడు మనిషిని ఎవరైనా పట్టుకుని మంచానికి కట్టెయ్యాలి. నన్నెవరూ కట్టెయ్యలేదు సరికదా, విజయవాడలో ఎవరో డాక్యుమెంటరీల పోటీ పెట్టారని మా ప్రిన్సిపాల్ గారు నోటీసు తెచ్చి చేతికిచ్చారు.

పేరు ముందే పెట్టేశాను: "మామిడి: ఒక ఆర్థిక విషాదం." బాబాయికి చెబితే కాసేపు ఆలోచించి, "విషాదం దేనికమ్మా, కాయ బానే ఉంది కదా" అన్నాడు.

మా జోజిబాబు బాబాయి తోట ఊరికి కిలోమీటరు దూరం. చిన్న రసాలూ బంగినపల్లీ, అన్నీ మా తాత చేత్తో పెట్టిన చెట్లు. మా వైపు చాలామంది కాయ కోసి అమ్ముకోరు. పిందె పడగానే షావుకారు వస్తాడు, తోటంతా తిరుగుతాడు, ఆ ఏటి కాపు మొత్తానికీ ఒకటే ధర కడతాడు. ఆ ధర నోటితో చెప్పరు. ఇద్దరూ మంచం మీద ఎదురెదురుగా కూర్చుని, కుడి చేతులు కలిపి, మీద తువ్వాలు కప్పుతారు. రైతు తనకెన్ని లక్షలు కావాలో అన్ని వేళ్ళు షావుకారి గుప్పెట్లో పెడతాడు. నచ్చకపోతే షావుకారు విదిలించి, తను ఇచ్చేదెంతో తిరిగి నొక్కి చెబుతాడు. నచ్చితే ఆ వేళ్ళు బిగించి పట్టుకుని ఊపుతాడు. ఊపితే అయిపోయినట్టే, ఇక దేవుడొచ్చినా ధర మారదు. పక్కన పదిమంది ఉన్నా ఎంతకి తెగిందో ఒక్కడికీ తెలియదు.

ఆర్థిక విషాదం ఎక్కడుందో నాకు ఠక్కున తెలిసిపోయింది. తువ్వాలు కిందుంది.

బేరం రోజు పొద్దున బాబాయి కెమెరా ముందు కూర్చుని ఒక మాటన్నాడు. "ఈసారి నాలుగు రావాలమ్మా. మూడుకైతే మందులకీ కూలీలకీ పోను మాకు మిగిలేది గాలి. మూడే అంటే ఈ కాపుతో సరి, చెట్లు కొట్టించేసి పామాయిల్ పెట్టేస్తాను. నర్సరీలో మొక్కలకి కూడా చెప్పి ఉంచాను." కళ్ళు తుడుచుకుంటాడేమోనని నేను జూమ్ చేశాను. ఆయన తుడుచుకోలేదు. వెనకాల టీ పోస్తున్న పిన్ని మాత్రం గ్లాసులు వదిలేసి అవతలికెళ్ళిపోయింది. అది చూసి కూడా నేను జూమ్ ఆపలేదు. డాక్యుమెంటరీ మనిషిని ఎలా తయారు చేస్తుందో చూడండి.

ఇక కోటయ్య గారు. హనుమాన్ జంక్షన్ నుంచి వచ్చే షావుకారు. ముప్పై ఏళ్ళుగా మా చుట్టుపక్కల తోటలన్నీ ఆయన గుప్పెట్లోంచే పోతున్నాయి. ఆయనకో అలవాటుంది, బేరం మొదలవగానే కళ్ళు మూసుకుంటాడు. ఎందుకండీ అనడిగితే, "వేళ్ళు మాట్లాడేటప్పుడు కళ్ళు అడ్డం రాకూడదమ్మా" అన్నాడు. ఆహా, ఏం డైలాగు అనుకుంటూ రాసుకున్నాను.

మా కాలేజీ పిల్లాడొకడి దగ్గర అగ్గిపెట్టంత కెమెరా అడిగి తెచ్చాను. చీకట్లో కూడా తీస్తుందట. ఎవరికీ చెప్పకుండా దాన్ని బాబాయి తోటలో బేరానికి వేసిన నులక మంచం మీద, తువ్వాలు పడే చోట, ఓ గోనె ముక్క చాటున పెట్టాను. చెప్పకుండా పెట్టడం తప్పు కాదా అంటారు. తప్పే. ఒప్పుకుంటున్నాను. సిగ్గుపడమంటే మాత్రం పడను, ఎందుకో మీకే తెలుస్తుంది.

ముందు పక్క తోట సత్యం గారి బేరం, అదే మంచం మీద. ఆయన తోట రెండెకరాలు, అందులోనూ సగం చెట్లకి పిందె లేదు. తువ్వాలు కప్పారు, కోటయ్య గారు కళ్ళు మూసుకున్నాడు, నిమిషంలో తెగిపోయింది.

"ఎంతకి తెగింది సత్యం గారూ?" అన్నాడు బాబాయి.

సత్యం గారు నేల చూపులు చూస్తూ, "ఏదోలే జోజీ, రెండున్నర. ఈ ఏడు మార్కెట్ లేదట" అని నిట్టూర్చాడు.

"ఎవరికీ మూడు దాటించట్లేదు జోజీ" అని కోటయ్య గారు కూడా దిగులుగా తల ఊపాడు. "నా పిల్లల మీద ఒట్టు."

తర్వాత బాబాయి కూర్చున్నాడు. తువ్వాలు కింద ఏదో చిన్న యుద్ధమే జరుగుతోంది. బాబాయి పెడుతున్నాడు, ఆయన విదిలిస్తున్నాడు, మళ్ళీ పెడుతున్నాడు. నేను మంచం వెనకాల నేల మీద కూర్చుని ఫోన్లో చూస్తున్నాను, కెమెరా బొమ్మ దాన్లోకి వస్తుంది. ఉన్నట్టుండి గోనె ముక్క జరిగి కెమెరా పక్కకి వాలింది. తెర మీద వేళ్ళు పోయి నులక తాళ్ళు కనపడుతున్నాయి. నా విషాదంలో అసలు ఘట్టం పోతోంది.

సరిగ్గా అప్పుడే బాబాయికి తుమ్మొచ్చింది. చెయ్యి లాక్కుని రెండు చేతులూ ముక్కుకి అడ్డం పెట్టుకున్నాడు. అదే అదననుకుని నేను వెనక నుంచి చెయ్యి దూర్చి, కెమెరా పట్టుకుందామని మూడు వేళ్ళు చాపాను. ఆ మూడూ వెళ్ళి కోటయ్య గారి గుప్పెట్లో పడ్డాయి.

ఆయన బిగించాడు. ఊపాడు. కళ్ళు మూసుకునే మొహమంతా నవ్వాడు.

"ఖాయం జోజీ. మూడు. ఇంతసేపు ఎందుకు బిగిసుకున్నావయ్యా? అయినా చెయ్యింత మెత్తబడిందేంటి, పని మానేశావా?"

ఈలోగా బాబాయి రెండో తుమ్ము తుమ్మాడు. ఆ చప్పుడుకి కోటయ్య గారు కళ్ళు తెరిచాడు. ఎదురుగా బాబాయి, ముక్కు మీద రెండు చేతులూ. కోటయ్య గారు ఒకటీ రెండూ అని చేతులు లెక్కపెట్టుకున్నాడు. తర్వాత తువ్వాలు వైపు చూశాడు.

"మరి నేను పట్టుకున్నదెవరిది?"

తువ్వాలు తీశారు. ఆయన గుప్పెట్లో మూడు వేళ్ళు, గోళ్ళకి ఎర్ర రంగు, మణికట్టుకి నా వాచీ. వాటి చివర నేను, మంచం కోడు పక్కన సగం నక్కి.

"నమస్కారమండీ" అన్నాను. ఇంకేం అనాలి?

పిన్ని వచ్చిందండీ. అప్పుడు మొదలుపెట్టింది. "నువ్వు చదువుకున్న చదువుకి నిప్పెట్టా. చెట్లు చంపడానికొచ్చావే నువ్వు. ఆ మూడు వేళ్ళూ పుట్టిన రోజే నలిగిపోయినా బావుండేది." మిగతావి ఇక్కడ రాయను, పత్రికలు పిల్లలు కూడా చదువుతారు.

కోటయ్య గారు మాత్రం నా వేళ్ళు వదిలి నింపాదిగా మీసం దువ్వుకున్నాడు. "చెయ్యి మీ ఇంటి ఆడపిల్లదే కదా జోజీ. తువ్వాలు కింద పడ్డ మాట మీ నాన్న ఎప్పుడైనా తిప్పాడా?"

బాబాయి మొహం పాలిపోయింది. "తిప్పలేదండీ" అన్నాడు మెల్లిగా. "సరే. మూడే. ఇంటి చెయ్యి కదా." చెట్ల వైపు ఒకసారి చూసి తల దించుకున్నాడు.

ఆ ఒక్క చూపుకి నాకు ఒళ్ళు మండిపోయింది. భయం పోయింది, సిగ్గు పోయింది. లేచి నిలబడ్డాను.

"ఇంటి చెయ్యి అయితే ఇంటి నోరు కూడా నాదే కోటయ్య గారూ. నేను బేరానికి చెయ్యి పెట్టలేదు, కెమెరా సర్దడానికి పెట్టాను. సాక్ష్యం ఉంది, అందరూ చూడండి."

"కెమెరానా?" అన్నాడాయన. సత్యం గారు టీ సగంలో వదిలేసి చెప్పులు వెతుక్కున్నాడు. ఎందుకో ఆ క్షణాన నాకు తట్టలేదు, ఒట్టేసి చెబుతున్నాను. ఆవేశంలో ఫోను బాబాయి చేతికిచ్చి, వీడియో మొదటి నుంచీ నొక్కాను.

మొదట్లో ఉన్నది బాబాయి బేరం కాదు కదా. సత్యం గారిది. తెర మీద కోటయ్య గారి గుప్పెడు, అందులోకి సత్యం గారి వేళ్ళు. చూపుడు వేలు, నడిమి వేలు, ఉంగరపు వేలు, చిటికెన వేలు. గుప్పెడు బిగిసింది. ఊగింది.

బాబాయి లెక్కపెట్టాడు. వెనక్కి జరిపి మళ్ళీ లెక్కపెట్టాడు. "నాలుగు" అన్నాడు. "రెండెకరాలకి, సగం చెట్లకి పిందె లేని తోటకి, నాలుగు."

"అది వేరే లెక్క జోజీ" అన్నాడు కోటయ్య గారు.

"నీకొక్కడికే ఇస్తున్నాను, బయట రెండున్నరనే చెప్పు, నిన్ను చూసి మిగతావాళ్ళు దిగొస్తారు అన్నాడయ్యా" అని సత్యం గారు గొణిగాడు. "పోయినేడు కూడా అదే మాట."

"పోయినేడు నాకూ నీకొక్కడికే అన్నాడు" అన్నాడు బాబాయి. "మూడిచ్చి."

తొమ్మిదేళ్ళుగా నేను బోర్డు మీద రాస్తున్న మార్కెట్ ఆ మంచం దగ్గర ఒక్క నిమిషం పాటు నిజంగా వెలిసింది. అమ్మేవాడికీ కొనేవాడికీ అంతా తెలిసిపోయింది. పాఠం చెప్పాలని నోరు తెరిచాను, పిన్ని చూసిన చూపుకి మూసేశాను.

బాబాయి మంచం మీది తువ్వాలు తీసి, దులిపి, భుజాన వేసుకున్నాడు. అందరికీ కనపడేలా చెయ్యి పైకెత్తి నాలుగు వేళ్ళు చూపించాడు. కాసేపాగి బొటనవేలు కూడా తెరిచాడు. "నా వేళ్ళు ఇవి కోటయ్య గారూ. ఇందాకటివి మా అమ్మాయివి. కళ్ళు తెరిచి చూసి చెప్పండి."

ఐదు రాలేదు. మధ్యాహ్నం దాకా పోట్లాడితే నాలుగున్నర దగ్గర తెగింది, అదీ నోటితో, పట్టపగలు, సత్యం గారు వింటుండగా. పామాయిల్ మొక్కలు వద్దని బాబాయి ఆ సాయంత్రమే ఫోన్ చేసి చెప్పేశాడు. పిన్ని నాకు టీ ఇచ్చింది. తిట్లు వెనక్కి మాత్రం తీసుకోలేదు.

నా డాక్యుమెంటరీ పోటీ నుంచి తిరిగొచ్చింది. "దృశ్యాలు చీకటిగా ఉన్నాయి, వేళ్ళు తప్ప ఏమీ లేవు, ఆర్థిక విశ్లేషణ లోపించింది" అని రాశారు. లోపిస్తే లోపించనీండి. మా తాత చెట్లు ఇంకా నిలబడే ఉన్నాయి, ఆ విశ్లేషణ నాకు చాలు.

సత్యం గారు నాతో ఆర్నెల్లు మాట్లాడలేదు. మరుసటేడు పిందె పడగానే ఆయనే ఇంటికొచ్చాడు. "అమ్మాయ్, రేపు మా బేరం. వచ్చి మంచం పక్కన కూర్చో. కెమెరా అక్కర్లేదు, ఊరికే కూర్చుంటే చాలు" అన్నాడు. వెళ్ళాను. కోటయ్య గారు కారు దిగి నన్ను చూశాడు. చేతిలో ఉన్న తువ్వాలు మడిచి మళ్ళీ కార్లో పెట్టేశాడు.

కాబట్టి పాఠక మహాశయులారా, చిన్న రసాల సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఈ జన్మలో మళ్ళీ ఎవరి తువ్వాలు కిందా చెయ్యి పెట్టను. పెడదామన్నా మా ఊళ్ళో ఇప్పుడు బేరాలకి తువ్వాలు కప్పడం లేదు.