సుగుణ సిస్టర్‌కి నేను వెయ్యని వేలిముద్ర

నా పేరు వంతాల బుద్రి. వయసు డెబ్బై దాటింది. కార్డులో అరవై నాలుగు అని ఉంది, అది వాళ్ళు వేసుకున్న లెక్క. జి.మాడుగుల దాటాక కొండ మీద ఊరు మాది. ఇంట్లో నేను, కొడుకు, కోడలు, మనవరాలు శాంతి.

నాకు చదువు రాదు. నేను చెబుతున్నాను, శాంతి తన ఫేస్‌బుక్‌లో టైపు చేస్తోంది. భాష సరిచేసుకో గానీ, ఒక్క సంగతి మార్చినా ఊరుకోనన్నాను.

నిన్న పొద్దున చోళ్ళు, అదే రాగులు, చెరుగుతుంటే శాంతికి ఫోన్ వచ్చింది.

"మామ్మా, సుగుణ సిస్టర్ పోనారట."

"ఎక్కడికి పోనాది? రేపు బుధారం, మనూరు రావాల కదా" అన్నాను.

శాంతి ఏడ్చింది. అప్పుడు అర్థమైంది.

చేట చేతిలోనే ఉండిపోయింది.

పాడేరులో వాళ్ళింట్లో, తలనొప్పి అని పడుకుందట. మళ్ళీ లేవలేదట. నలభై కూడా నిండలేదు.

మా కొండ మీది ఊళ్ళన్నిటికీ ఆమే నర్సు. టీకాలు, గర్భిణుల చెకప్పులు, అన్నీ ఆమే. వారమంతా డ్యూటీ. ఆదివారం పొద్దున్నే బస్సెక్కి విశాఖ వెళ్ళి పబ్లిక్ హెల్త్‌లో పెద్ద చదువు చదివేది. మిగతా క్లాసులు ఫోన్‌లో.

మా ఊళ్ళో సిగ్నల్ అందేది మెట్ట మీద రాయి దగ్గరే. టీకాలు వేయడం అయ్యాక ఆ మందుల డబ్బా పక్కన పెట్టుకుని ఆ రాతి మీద కూర్చుని వినేది.

ఒకసారి కట్టెల మోపుతో వస్తూ అడిగాను.

"ఏటే గుంటా, ఉజ్జోగం ఉంది, మొగుడున్నాడు, ఇద్దరు పిల్లలున్నారు. ఇంకా ఈ సదువేటి? ఏటి సేసుకుంటావు దాన్ని?"

ఫోన్‌లోంచి ఎవరో సారు, "ఎవరమ్మా ఆ మాట్లాడేది? మైక్ ఆపండి" అన్నాడు.

"నువ్వే ఆపు. మా సిస్టరమ్మతో నాను మాటాడతన్నాను" అన్నాను.

సుగుణ చున్నీ నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. ఆ తర్వాత ఆ సారు పాఠం మొదలుపెట్టే ముందు, "మామ్మగారు ఉన్నారా?" అని అడిగేవాడట.

పోయినేడు ఆ చదువు కోసమే ఫారాలు పట్టుకుని ఇంటింటికీ తిరిగింది. కాన్పుకి వెళ్ళాలంటే ఎంత దూరం అని అందులో ఒక ప్రశ్న.

"రోడ్డు దాకా నాలుగు కిలోమీటర్లు. అంతే కదా మామ్మా?"

"ఎవలి కాళ్ళతో కొలిసినారు? మాకు ఎండాకాలం ఏడు దింపులు. వానాకాలం పదకొండు."

దింపు అంటే, డోలీ మోసేవాళ్ళు భుజం మార్చుకోవడానికి మనిషిని నేల మీద దించే చోటు.

సుగుణ పెన్ను ఆగిపోయింది. కిలోమీటర్లు అని అచ్చువేసిన చోట కొట్టేసి, దింపులు అని రాసింది. తర్వాత అన్ని ఊళ్ళలోనూ అదే అడిగింది. డ్యూటీకి వచ్చేటప్పుడు ప్రతి దింపు దగ్గరా ఆగి చూసేది. కొన్ని చోట్ల డోలీ దించడానికి చదును నేల కూడా లేదని రాసుకుంది.

ఆ రోజే నా పెద్ద కూతురు సీత సంగతి చెప్పాను.

నొప్పులొస్తే వానలోనే డోలీ కట్టాం. ఐదో దింపు దగ్గర పోయింది.

తర్వాత ఆసుపత్రి జీపులో ఒకాయన వచ్చాడు. ఒక కాగితం మీద నా వేలు పట్టి ముద్ర వేయించుకున్నాడు. నకలు ఇచ్చి పోయాడు. ఏళ్ళ తర్వాత, శాంతి చదువు నేర్చాక, అందులో ఏముందో చదివింది.

ఆసుపత్రికి రావడానికి ఇంటివాళ్ళు ఒప్పుకోలేదు అని ఉంది.

మేం దారిలో ఉన్నాం. ఐదో దింపు దగ్గర ఉన్నాం.

ఆ రోజు నుంచి నేను ఏ కాగితం మీదా వేలు పెట్టలేదు. పింఛనుకి మిషను మీద పెడతాను. కాగితం మీద పెట్టను.

సుగుణ అంతా రాసుకుని, చివర్లో ఇంకు డబ్బా తీసింది. నా మాటలు తన రిపోర్టులో పెట్టడానికి ఒప్పుకున్నట్టు ముద్ర కావాలట.

"నోటితో సెప్పినాను కదా. యేలు మాత్రం ఎయ్యను."

"అయితే నీ మాట వాడను మామ్మా."

కోప్పడలేదు. నా కాగితాలు విడిగా కట్టి పెట్టుకుంది. తనంతట తానుగా మళ్ళీ ఎప్పుడూ ఆ ఊసు ఎత్తలేదు.

పోయిన బుధవారం ఆ కాగితాలు నేనే అడిగి చదివించుకున్నాను. చెప్పింది చెప్పినట్టే ఉంది. ఐదో దింపు ఉంది. జీపాయన్ని నేను తిట్టిన తిట్లు కూడా ఉన్నాయి. సీత పేరు మారుస్తానంది. వద్దన్నాను.

"ఇంకు తియ్యనా?" అంది.

"ఏటి తొందర? వచ్చే బుధారం సూద్దాం" అన్నాను.

వెయ్యాలనే ఉంది. ఒక్కసారైనా నన్ను బతిమాలుతుందేమోనని చూశాను. ఆమె బతిమాలలేదు. ముద్ర వెయ్యాల్సిన ఖాళీ ఫారం శాంతి చేతిలో పెట్టి, మందుల డబ్బా భుజాన వేసుకుని దిగిపోయింది.

ఇవాళే ఆ బుధవారం.

సుగుణకి మట్టి వెయ్యడానికి నా కొడుకు వెళ్ళాడు. ఈ మోకాళ్ళతో నేను ఏడు దింపులు దిగలేను.

సుగుణతో చదివే అనిత ఫోన్ చేసింది. రిపోర్టు దాదాపు అయిపోయిందట, మిగిలింది తను చేసి సారుకి ఇస్తుందట. సుగుణ పేరు మీద డిగ్రీ ఇస్తారో ఇవ్వరో తెలియదట. "నీ కాగితాలు పక్కన పెట్టి ఉన్నాయి మామ్మా" అంది.

"తీసి లోపల పెట్టు" అన్నాను.

ఆశా కార్యకర్త కొండమ్మ ఇంకు తెచ్చింది. శాంతి ఫారం మొత్తం చదివింది. రెండుసార్లు చదివించుకున్నాను.

నా మాట ఇది. నా కూతురు ఐదో దింపు దాకా వచ్చింది. రామని మేం అనలేదు. సుగుణ రాసింది నిజం. దాన్ని వాడుకోవడానికి నేను ఒప్పుకుంటున్నాను.

సుగుణా, క్లాసు అయిందో లేదో ఆ డబ్బా ఎత్తుకుని పరిగెత్తేదానివి.

ఇంక దించు తల్లీ. చల్లగా కూర్చో.

వంతాల బుద్రి, ఎడమ బొటనవేలి ముద్ర
(కాగితం మీద వేసినదాని ఫోటో కింద ఉంది)

సాక్షులు:
కొర్ర కొండమ్మ, ఆశా కార్యకర్త
వంతాల శాంతి, మనవరాలు, చదివి వినిపించినది